సర్పంచి గారూ, పిల్లల రిజిస్టరు ఏదీ?

పంచాయతీ ఎన్నికల నామినేషను కాగితాల్లో ఒక ప్రశ్న ఉండేది. పోటీ చేసేవారికి పిల్లలెందరో చెప్పాలి. ఇద్దరికి మించితే సర్పంచి పదవికైనా, వార్డు మెంబరు పదవికైనా పనికిరారు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంతో వచ్చిన ఆ నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. ముప్పై ఏళ్లు మన ఊళ్లలో బరిలో దిగిన ప్రతి మనిషినీ "నీకు పిల్లలెందరు?" అని అడిగాం. "ఊళ్లో పిల్లలెందరో, ఎక్కడెక్కడున్నారో తెలుసా?" అని ఒక్కరినీ అడగలేదు.

ఇప్పుడు అడగాల్సిన వేళ వచ్చింది. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో ఓట్లు వేసి ఎన్నుకున్న పంచాయతీలవి ఐదేళ్ల పదవులు. రాష్ట్రంలో పంచాయతీలు 13,326. ఒక్కో చోట ఇద్దరే నిలబడ్డారనుకున్నా పాతికవేల మందికి పైగా సర్పంచి అభ్యర్థులు మన గడపల ముందుకొచ్చి చేతులు జోడిస్తారు. వాళ్లంతా ఎవరో కారు. ఒకరు అన్న వరస, ఒకరు మేనమామ, ఒకరు పక్క వీధి వదిన. ఎమ్మెల్యేని అడగాలంటే జనాన్ని తోసుకుంటూ పోవాలి. ఎంపీ ముఖం టీవీలో చూడాలి. సర్పంచిగా నిలబడే మనిషి మన అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగుతాడు. ఆ చెంబు అందించేటప్పుడు అడగొచ్చు: పిల్లల కోసం ఏం చేస్తావో చెప్పు, ఎప్పటికి చేస్తావో చెప్పు, నలుగురిలో చెప్పు. ఈ మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

1989లో ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దిగింది. ఆ లోపు వాళ్ల తరఫున నోరు విప్పాల్సింది ఓటున్న మనమే. మనం విప్పం. ప్రచారంలో వినపడేవి ఒకసారి గుర్తుచేసుకోండి. సీసీ రోడ్డు, మురుగు కాలువ, వీధి దీపాలు, గుడికి చందా, కుర్రాళ్లకు క్రికెట్ కిట్టు. ఆ కిట్టు కూడా ఓటొచ్చిన కుర్రాళ్లకే. ఐదో తరగతి పిల్ల పేరు చెప్పి ఓటడిగిన అభ్యర్థి ఇన్నేళ్ల విలేకరి పనిలో నాకు ఎదురుపడలేదు.

బడి సంచిలో రొట్టెలు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో దీపావళి దాటాక పల్లెలు పలచబడతాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం, పత్తికొండ వైపు ఎక్కువగా వాన మీద ఆధారపడ్డ సేద్యం. పత్తి తీత అయిపోయాక చేలో పని ఉండదు, ఇంట్లో అప్పు మాత్రం ఉంటుంది. గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతలకు, తెలంగాణకు పత్తి తీతకు గుంపులు గుంపులుగా బయల్దేరతారు. ఈ వలసను ఇక్కడ సుగ్గి అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం, సంబరం. హద్దు దాటి మన పల్లెల్లోకి వచ్చేసరికి అదే మాట ఇల్లు విడిచిపోవడానికి పేరైంది.

ఒక తెల్లవారుజామున అలా బయల్దేరుతున్న బొలెరో బండి దగ్గర నిలబడ్డాను. బండి మీద టార్పాలిన్ పట్టలు, గిన్నెల మూట, జొన్నల సంచి, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు. వెనక తొక్కుకుని కూర్చున్నవాళ్లలో బడి వయసు పిల్లలు ఆరుగురిని లెక్కపెట్టాను. ఒక పాప ఇంకా ఎక్కలేదు. పదేళ్లుంటాయి. చంకలో తమ్ముడు, వీపున ప్రభుత్వం ఇచ్చిన బడి సంచి. పుస్తకాలు వెంట తీసుకుపోతోందని నాకు సంతోషమేసింది. "ఏ పుస్తకాలు తీసుకున్నావమ్మా?" అని అడిగాను. పాప తల అడ్డంగా ఊపింది. తమ్ముణ్ణి చంకలోనే సర్దుకుని, ఒంటిచేత్తో సంచి ముందుకు లాగి, జిప్పు తీసి చూపించింది. గుడ్డలో చుట్టిన సజ్జరొట్టెలు, డబ్బాలో చెనిక్కాయల పొడి, తమ్ముడి చొక్కాలు. అడుగున ఒక నోటుబుక్కు, సగం దాకా రాసింది.

"పరీక్షలప్పటికి వస్తావా?"

పాప వాళ్లమ్మ వైపు చూసింది. "సుగ్గి అయినంక వస్తాం సారూ, ఉగాదికి" అంది తల్లి. తర్వాత నా ముఖంలో ఏం కనపడిందో, తనే మళ్లీ అంది: "ఇడిసిపెట్టి పోతే రాత్రిపూట ఎవురు చూస్తారు? మా అత్తకు కండ్లు ఆనవు. ఈ చిన్నోడు పని కాడ నన్ను ఇడ్సడు. ఇది ఉంటే నాకు రెండు చేతులాడతాయి."

ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఆమె చెప్పినవి రెండే కష్టాలు. రాత్రి పిల్లను చూసేవాళ్లు కావాలి, పగలు పసివాణ్ణి చూసేవాళ్లు కావాలి. ఆ రెండూ ఊరు చేయగలిగిన పనులే. ఊరు చేయకపోవడం వల్ల ఐదో తరగతి పిల్ల వాటిని చేస్తోంది.

మిరపచేను గట్టున వేసుకున్న పట్ట గుడిసెల్లో ఈ పిల్లలు నాలుగైదు నెలలు బతుకుతారు. పెద్దవాళ్లు మంచు ఆరకముందే సాళ్లలోకి దిగుతారు. పిల్లలు గుడిసె కాపలా కాస్తారు, నీళ్లు మోస్తారు, చిన్నవాళ్లను ఆడిస్తారు. కారం పట్టిన చేత్తో కన్ను నులుముకుని ఏడ్చే పసివాడికి తడిగుడ్డ పెట్టేది ఎనిమిదేళ్ల అక్క. కాస్త పెద్ద పిల్లలైతే వాళ్లూ సాలు పట్టుకుంటారు. తూకం మీద కూలి కట్టే చోట పిల్ల కోసిన కాయ తల్లి బస్తాలో కలిసిపోతుంది. మేస్త్రీ లెక్కలో ఆ పిల్ల పేరుండదు. గుంటూరు వైపు బడి రిజిస్టరులోనూ ఉండదు. సొంతూరి బడి రిజిస్టరులో మాత్రం పేరు భద్రంగా ఉంటుంది, ఎదురుగా నెలల తరబడి గైర్హాజరు గుర్తులతో.

ఆ రిజిస్టరు నాకు ఒక హెడ్మాస్టరు గారు తెరిచి చూపించారు. దసరా దాకా గళ్లు నిండుగా ఉన్నాయి. నవంబరు పేజీలో సగం వరసలకు ఎర్ర సిరా మొదలైంది. "మార్చిలో తిరిగొచ్చిన పిల్లాడికి కొత్త పాఠం చెప్పాలా, నవంబరు పాఠం చెప్పాలా? పై తరగతికైతే పంపించేస్తాం. రెండేళ్లు ఇట్లా జరిగితే వాడికి బడి అంటే భయం పుడుతుంది. ఏడో తరగతికి వచ్చేసరికి వాడే మానేస్తాడు. మానేశాడని ఎవరూ గమనించరు, ఎందుకంటే ఏటా కనపడకుండా పోవడం అలవాటైన పిల్లాడే కదా." ఆయన చివరి మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

దీనికి మందు లేదా? ఉంది. వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం ఊళ్లోనే, బడి గదుల్లోనే, సీజనల్ హాస్టళ్లు నడిపే ఏర్పాటు సమగ్ర శిక్షా పథకంలో ఉంది. పగలు బడి, రాత్రి అన్నం, పడక, చూసుకోవడానికి మనిషి. తల్లి అడిగింది అదే. చిక్కంతా తేదీల్లో ఉంది. బండి నవంబరులో కదిలాక హాస్టలు డిసెంబరులో తెరిస్తే అందులో పడుకునేదెవరు? ఎంతమంది పిల్లలు ఆగుతారో ముందే లెక్క ఉంటే తప్ప పైనుంచి అనుమతి కదలదు. ఆ లెక్క తీయాల్సిన సెప్టెంబరులో అది ఎవరి పనో తేలదు. ఉపాధ్యాయుడు తీస్తే కాగితం, సర్పంచి తీస్తే తీర్మానం. ఈ తేడా తెలిసిన సర్పంచి కావాలి.

పంచాయతీ చేతిలో ఉన్నదే

ఏ పంచాయతీ ఆఫీసుకైనా వెళ్లండి. ఇంటి పన్ను రిజిస్టరు చూపిస్తారు. ఏ ఇంటి నంబరుకు ఎంత బాకీనో పైసలతో సహా ఉంటుంది. కుళాయి కనెక్షన్ల లెక్క ఉంటుంది, కరెంటు స్తంభాల లెక్క ఉంటుంది. పిల్లల రిజిస్టరు అడగండి. కార్యదర్శి మీ ముఖం చూస్తారు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో తొమ్మిదో సెక్షను స్థానిక సంస్థల విధులు చెబుతుంది. తన పరిధిలో ఉన్న పద్నాలుగేళ్ల లోపు పిల్లల వివరాలు రాసి ఉంచడం, ప్రతి బిడ్డా బడిలో చేరి రోజూ వచ్చి చదువు ముగించేలా చూడటం, వలస కుటుంబాల పిల్లలకు ప్రవేశం దొరికేలా చూడటం, ఇవన్నీ అక్కడ అక్షరాలా ఉన్నాయి. ఈ చట్టంలో స్థానిక సంస్థ అంటే మున్సిపాలిటీ ఒక్కటే కాదు, గ్రామ పంచాయతీ కూడా. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలుంటే ప్రాథమిక విద్య, తాగునీరు, ఆరోగ్యం, గ్రంథాలయాలు, స్త్రీ శిశు సంక్షేమం అన్నీ అందులో ఉన్నాయి. పంచాయతీల అభివృద్ధి ప్రణాళికలకు కేంద్రం నిర్దేశించిన తొమ్మిది లక్ష్యాల్లో మూడోది పిల్లలకు అనువైన ఊరు. కాబట్టి "పిల్లల సంగతి బడి వాళ్లు చూసుకుంటారు" అని ఏ అభ్యర్థి అన్నా అది చెల్లదు. ఆ కుర్చీలో కూర్చునేవారి బాధ్యతని చట్టమే రాసిపెట్టింది.

అందుకే నేను అడగమనే మొదటి మాట రిజిస్టరు. ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డ పేరు, వయసు, అంగన్‌వాడీలో ఉందా, బడిలో ఉందా, పొలంలో ఉందా, ఏ ఊరికి వలస పోయింది, ఎప్పుడు తిరిగొచ్చింది. ఆన్‌లైన్లో ఎక్కడో ఉందనే జవాబు చాలదు. యాప్‌లో ఉన్న పేరును ఊళ్లోవాళ్లు చదవలేరు. చేత్తో రాసిన పుస్తకం పంచాయతీ ఆఫీసు బల్ల మీద ఉండాలి, గ్రామసభలో పైకి చదవాలి. నిధుల్లేవనే మాట ఇక్కడ అడ్డురాదు. ఒక లాంగ్‌బుక్కు, ఒక పెన్ను, వార్డు మెంబర్లు నాలుగు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరగడం, అంతే ఖర్చు.

అడిగితే అవుతుందా?

"మనం అడిగితే వాళ్లు వింటారా?" అని చాలామంది అంటారు. మన నేల మీదే జవాబుంది. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వయోజన విద్య వాచకంలో వాళ్లు చదువుకున్న పాఠాల్లో సీతమ్మ కథ ఒకటి. సారా చేసే చేటు చెప్పే ఆ కథ తమ ఇంటి కథేనని గుర్తుపట్టారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. ఊరి నుంచి ఊరికి పాకిన ఆ ఉద్యమం 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారాను నిషేధింపజేసింది. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం హామీ ఇవ్వక తప్పని పరిస్థితి తెచ్చింది. ఎన్టీ రామారావు ఆ హామీ ఇచ్చి గెలిచి, ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే దానిపై సంతకం పెట్టారు. తర్వాత ఆ నిషేధం సడలిపోయిన మాట నిజమే. కానీ పలకా బలపం పట్టుకున్న ఆడవాళ్లు ఎన్నికల ఎజెండా రాయించిన మాట కూడా అంతే నిజం.

పిల్లల విషయంలోనూ మన దగ్గర జరిగిందొకటుంది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ చేసిన పని. ప్రొఫెసర్ శాంతా సిన్హా నడిపించిన ఆ సంస్థ ఒకే సూత్రం పట్టుకుంది. బడిలో లేని బిడ్డ ఏ పనిలో ఉన్నా, ఇంటిపనిలో ఉన్నా, బాలకార్మికురాలే. పేదరికం పోయాక చదువు అనే వాదన వాళ్లు ఒప్పుకోలేదు. జీతాలకు కుదిరిన పిల్లలను విడిపించి, శిబిరాల్లో కొన్ని నెలలు చదువు చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. అవార్డు కన్నా నాకు ముఖ్యమనిపించేది వాళ్లు ఊరిని కలుపుకున్న పద్ధతి. పిల్లాణ్ణి జీతానికి పెట్టుకున్న ఆసామితో మాట్లాడటానికి బయటి మనుషులతో పాటు ఊరి యువకులు, సర్పంచి, వార్డు మెంబర్లు, టీచర్లు వెళ్లారు. సర్పంచి ఇంటికొచ్చి అడిగితే ఆసామి కాదనడం కష్టం. బయటివాళ్లకు లేని బలం ఊరి కుర్చీకి ఉంటుంది.

నడిగడ్డకు వెళ్తే ఇప్పటికీ ఆ బలం అవసరం కనిపిస్తుంది. నడిగడ్డ అనే ఆ గద్వాల ప్రాంతంలోనూ, ఇవతల కర్నూలు వైపూ విత్తన పత్తి సాగుచేస్తారు. ఆ చేలల్లో పనిని క్రాసింగ్ అంటారు. సాయంత్రం ఆడ వరస మొగ్గల్ని గిల్లి, రేకులూ పుప్పొడి కాడలూ తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఒక్కొక్క మొగ్గకూ పుప్పొడి రాయాలి. నెలల పాటు రోజూ ఇదే. వేల మొగ్గలు. చిన్న వేళ్లు త్వరగా ఆడతాయని ఆడపిల్లల్ని పెట్టుకోవడం దశాబ్దాలుగా పరిశోధకులు రాస్తూ వచ్చిన సంగతే. 2016లో సవరించిన చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదంది. సొంతింటి పనికి మాత్రం, బడి వేళ దాటాక, సడలింపు ఇచ్చింది. ఆ సందులోంచే పక్కింటి చేలో పనిచేసే పిల్ల కూడా "మా అన్న కూతురే" అయిపోతుంది. కార్మిక శాఖ అధికారి ఏడాదికి ఒకసారి వస్తాడో రాడో. ఆ పిల్ల ఎవరి కూతురో సర్పంచికి తెలుసు. తెలంగాణలో 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు ముగిశాయి. అక్కడ గెలిచి కూర్చున్నవాళ్లను కూడా అడగడానికి ఇంకా బోలెడు కాలం ఉంది.

పసివాణ్ణి ఎత్తుకునే చేతులు

బొలెరో దగ్గరి తల్లి చెప్పిన రెండో కష్టం పసివాడిది. ఆడపిల్ల చదువు గురించి మాట్లాడేవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోరు, కానీ సగం చదువులు ఇక్కడే ఆగిపోతున్నాయని నా నమ్మకం. కూలికెళ్లే తల్లి పొద్దున ఏడింటికల్లా బయల్దేరాలి. అంగన్‌వాడీ అప్పటికి తెరుచుకోదు. పైగా అక్కడ రోజంతా కూర్చోబెట్టేది మూడేళ్లు నిండిన పిల్లల్ని. ఏడాది, రెండేళ్ల బిడ్డను ఎవరికి అప్పగించాలి? అక్కకే. పొరుగునే ఉన్న కర్ణాటకలో కూలికెళ్లే తల్లుల పిల్లల కోసం 'కూసిన మనె' పేరిట నాలుగు వేల గ్రామ పంచాయతీల్లో శిశు సంరక్షణ కేంద్రాలు పెడతామని 2023లో ప్రకటించి, తెరవడం మొదలుపెట్టారు. అక్కడి పంచాయతీలు ఏడాదికోసారి పిల్లల గ్రామసభ కూడా పెడతాయి. పిల్లలే లేచి బడి గోడ గురించో, మరుగుదొడ్డి గురించో అడుగుతారు. కోసిగి నుంచి రాయచూరు ఎంతో దూరం లేదు. మన అభ్యర్థులు ఒక్క పూట వెళ్లి చూసి రావచ్చు. ఉపాధి హామీ చట్టం 2005లోనే ఒక మాట రాసుకుంది: పని జరిగే చోట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురో అంతకు మించో ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలి. ఎన్ని చెట్ల కింద ఆ మహిళ కనిపించింది?

ఈ వయసులో పోయింది మళ్లీ రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల మధ్య పిల్లల్లో రక్తహీనత ఇక్కడ 63.2 శాతం, అక్కడ 70 శాతం. మొదటి రెండేళ్లలో కుంగిన ఎదుగుదల తర్వాత ఎంత పెట్టినా పూర్తిగా పూడదని వైద్యులు చెబుతారు. అభ్యర్థిని అడగండి: నెలకోసారి అంగన్‌వాడీకి వెళ్లి పిల్లల బరువులు తూచేటప్పుడు పక్కన కూర్చుంటావా? గుడ్లు వచ్చాయో లేదో, తూకం యంత్రం పనిచేస్తోందో లేదో, బిడ్డ బరువు పోయిన నెలకన్నా తగ్గితే ఎందుకు తగ్గిందో కనుక్కుంటావా? సర్పంచి వచ్చి కూర్చునే అంగన్‌వాడీకీ రాని అంగన్‌వాడీకీ తేడా ఆ టీచర్లే చెబుతారు. 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేసిన ఆ అక్కచెల్లెళ్లకు ఊరి పెద్ద తోడుగా నిలబడటం వాళ్లకూ బలమే.

పెళ్లిపందిట్లో ముందు కుర్చీ

ఇంకో మాట అడగడానికి గుండె నిబ్బరం కావాలి. అదే సర్వేలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశం మొత్తం మీద 23.3. రహదార్లు, సెల్‌ఫోన్లు ఇన్ని ఉన్న మన రాష్ట్రం దేశం సగటుకన్నా వెనక ఉండటం నన్ను బాధపెడుతుంది. సుగ్గి ఊళ్లలో దీనికి కారణం కళ్లముందే ఉంటుంది. వయసొచ్చిన పిల్లను ఒంటరిగా వదిలి ఐదు నెలలు ఎట్లా పోతామనే భయం. హాస్టలు లేని చోట పెళ్లే హాస్టలు అయిపోతోంది.

ఆ పెళ్లికి సర్పంచి వస్తాడు. ముందు వరస కుర్చీలో కూర్చుంటాడు, అక్షింతలు వేస్తాడు, ఫొటో దిగుతాడు. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం అలాంటి పెళ్లిని ప్రోత్సహించినవారికీ, జరగనిచ్చినవారికీ, దానికి హాజరైనవారికీ రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అంటోంది. అభ్యర్థిని ఒక్క మాట అడుగుదాం: వయసు ధ్రువపత్రం చూడకుండా ఏ పెళ్లికీ రానని చెప్పు. శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్లను "పిల్లకు ఎన్నేళ్లు నాయనా?" అని అడుగుతానని చెప్పు. ఓట్లు పోతాయని ఆ మనిషి జంకుతాడు, నాకు తెలుసు. అందుకే అందరు అభ్యర్థులనూ ఒకేసారి, ఒకే కట్ట మీద కూర్చోబెట్టి అడగాలి. ఇద్దరూ చెప్పిన మాటకు ఇద్దరికీ నష్టం ఉండదు. స్థానిక పదవుల్లో సగం మహిళలవి. నిలబడుతున్న ఆడవాళ్లను ఈ సంగతి వేరుగా అడిగి చూడండి. తమ పదిహేనో ఏట ఏం జరిగిందో చాలామంది చెబుతారు. చెప్పనిస్తే.

చిన్నవిగా కనిపించేవి

నీళ్లు పడని బోరుబావిని పూడ్చకుండా వదిలేస్తే ఏమవుతుందో మన రెండు రాష్ట్రాలూ టీవీల ముందు రాత్రులు మేలుకుని చూశాయి. పల్లెల్లో బోర్ల మీద కన్నేసి ఉంచే బాధ్యత సుప్రీంకోర్టు 2010 మార్గదర్శకాల్లో సర్పంచికీ వ్యవసాయ శాఖ అధికారికీ అప్పగించింది. వదిలేసిన బోరును నేలమట్టం దాకా పూడ్చాలి. "గెలిచిన నెలలోపు ఊరి పొలిమేరలోని బోర్లన్నీ తిరిగి చూస్తాను" అనే హామీకి పైసా ఖర్చు లేదు. ఈతకెళ్లి చెరువుల్లో, క్వారీ గుంతల్లో మునిగిపోయే పిల్లల కోసం కూడా ఆ తిరుగుడు పనికొస్తుంది.

బడి కుళాయి, ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లు. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 మధ్య గ్రామాలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే వాడాలని కట్టడి చేసింది. బడి మరుగుదొడ్డి పారిశుధ్యం కాకపోతే మరేది పారిశుధ్యం?

గ్రంథాలయం. ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. 1914లో బెజవాడలో గ్రంథాలయాల కోసం మహాసభ జరుపుకున్న జాతి మనది. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించిన నేలలో, ఈ రోజు పిల్లలు సెలవుల్లో చదువుకోవడానికి పది బొమ్మల పుస్తకాలున్న గది ఎన్ని ఊళ్లలో ఉంది?

సర్పంచుల వైపు మాట కూడా చెప్పాలి. మాజీ సర్పంచులు ఎవరిని కదిపినా ఒకటే బాధ. "ఖాతాలో పడిన డబ్బు పడినట్టే పోతుంది, మా చేతిలో ఏముంది?" అంటారు. అందులో నిజం ఉంది. వాళ్ల అధికారాలు, నిధులు వాళ్లకు దక్కాలని ఊరు వాళ్ల పక్షాన నిలబడాలి కూడా. ఐతే పైన అడిగినవాటిలో చాలావాటికి డబ్బుకన్నా మనిషి కావాలి. తిరిగే మనిషి, అడిగే మనిషి, రాసిపెట్టే మనిషి. సర్పంచి పదవిని వేలం పాడి ఏకగ్రీవం చేసుకునే ఊళ్లున్నాయి. పాటలో వచ్చిన డబ్బు గుడికిస్తామంటారు. వేలం తప్పు. అది జరగకూడదు. ఊరంతా నిజంగానే ఒక్క మాట మీద నిలబడి ఒకరిని ఎన్నుకునే చోటైనా, ఆ ఒక్క మాటలో పిల్లల సంగతి ఎందుకు ఉండకూడదు?

అక్టోబరు 2

అడిగేటప్పుడు తేదీలు పెట్టి అడగండి. పిల్లల్ని బాగా చూసుకుంటామనే మాటను ఎవరూ కాదనరు, దానికి ఎవరూ కట్టుబడరు. సుగ్గి ఊళ్ల లెక్క ఇట్లా ఉంటుంది. దీపావళి దాటితే బండ్లు కదులుతాయి. హాస్టలు తాళం అంతకు వారం ముందే తీయాలి. తీయాలంటే వంటమనిషి, దుప్పట్లు, రాత్రి ఉండే వార్డెను అక్టోబరులో కుదరాలి. అనుమతి రావాలంటే ఏ ఇంటినుంచి ఎందరు పిల్లలు ఆగుతారో పేర్లతో జాబితా సెప్టెంబరులో ఎంఈఓ గారి బల్ల మీదికి చేరాలి. జాబితా కావాలంటే ఆగస్టులో వార్డు మెంబర్లు ఇల్లిల్లూ తిరగాలి, తల్లులతో కూర్చోవాలి, కండ్లు ఆనని అవ్వతోనూ కూర్చోవాలి.

అక్టోబరు 2న గ్రామసభ జరుగుతుంది. దేశంలో పంచాయతీరాజ్ వ్యవస్థ 1959లో అదే రోజున నాగౌర్‌లో మొదలైంది. అంగన్‌వాడీల పథకం 1975లో అదే రోజున పుట్టింది. ఆ సభలో సర్పంచి లేచి లాంగ్‌బుక్కు తెరిచి పేర్లు చదవాలి. ఈ ఇంటి పాప హాస్టల్లో ఉంటుంది, ఈ ఇంటి బాబును వాళ్ల పెద్దమ్మ చూసుకుంటుంది, ఈ ఇంటివాళ్లు ఇంకా ఒప్పుకోలేదు, రేపు మళ్లీ వెళ్తాను అని.

ఆ బొలెరో కదిలేముందు పాప జిప్పు మూసి, సంచిని తిరిగి వీపుకు తగిలించుకుంది. అంతకుముందే ఆ సగం నోటుబుక్కులో చివరి పేజీ తేదీ చూశాను. నవంబరు 14. బాలల దినోత్సవం అని పైన రంగు పెన్సిలుతో రాసుకుంది, చుట్టూ పూలు వేసింది.